గుడి మెట్ల మీద చెప్పులు

మొన్న గుంటూరులో ఒక ప్రదర్శన చూచి బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గర కుర్రాడు అభిప్రాయాల పుస్తకం నా ముందుకు తోశాడు. మొహమాటానికి ‘చాలా బాగుంది’ అని వ్రాసి సంతకం గీకేశాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, వ్రాసింది సగం అబద్ధమేనని అనిపించింది. ఆ మిగతా సగం ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

తెల్లదొరల కాలంలో మన జిల్లాల్లో లేచిన చర్చీల మీద ప్రదర్శన అది. ఒక గదిలో ఫొటోలు, పక్క గదిలో కాగితం మీద సిరాతో వేసిన బొమ్మలు. గుంటూరు లూథరన్ చర్చీలున్నాయి, ఫిరంగిపురం బాలయేసు దేవాలయం ఉంది, ఒంగోలు బాప్టిస్టు చర్చి ఉంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫొటోలు తీసినాయనకు వెలుగు సంగతి బాగా తెలుసు. మిరపకాయలు ఎండబోసే రోజుల్లో మన వైపు ఎనిమిది దాటిందంటే సున్నపు గోడవంక కన్నెత్తి చూడలేం. ఆయన తెల్లవారుతూనే వెళ్లాడు. కమాను కింద నీడ కూడా మెత్తగా పడింది. రంగుటద్దాల కిటికీ ముందు నేను అయిదు నిమిషాలు నిలబడిపోయాను.

కాని అన్ని ఫొటోల్లోనూ ఒక్క మనిషి లేడండీ! పొద్దున్నే వెళితే మనుషులెందుకుంటారంటారేమో. నాకు మాత్రం పెళ్లివారు వెళ్లిపోయాక పందిరి చూచినట్టయింది.

కింద అట్టముక్కల మీద పేర్లు మాత్రం ఉన్నాయి, అన్నీ దొరలవి, దొరసానులవి. 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యరు గారు, 1883లో వచ్చి ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి పెట్టిన డాక్టర్ కుగ్లర్, 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొర. ఉండవలసిన పేర్లే, కాదనను. కుగ్లరమ్మ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో!

అయితే క్లౌ దొర తన కథను తానొక్కడే నడిపినట్టు చెప్పుకోలేదు. ఆయన పోయాక 1914లో అచ్చయిన స్వీయకథలో ఎర్రగుంట్ల పేరయ్యకు పెద్దపీట వేశాడు. తోళ్ల బేరం చేసుకునే మాదిగ పెద్దమనిషి పేరయ్య. ఊరూరూ నడిచి తనవాళ్లకు బోధించినవాడు. 1876–78 కరువులో దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడున్నర మైళ్లు కంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు మన బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఇంత కథ ఉంటే, ఒంగోలు ఫొటో కింద అట్టముక్క మీద దొర పేరు, ఒక సంవత్సరం, గోడ ఎత్తు! పేరయ్య పేరుకు అంగుళం చోటు దొరకలేదా?

బొమ్మల గదిలోకి వచ్చాక నా నడక తగ్గింది. చిత్రకారుడు పెద్ద చెయ్యి తిరిగినవాడేం కాదు. ఒక గంటగోపురం పక్కకు ఒరిగింది. ఒక బొమ్మలో తాటిచెట్టు ఎక్కడి గ్రీటింగు కార్డులోంచో దిగుమతి అయినట్టుంది, మన చేలగట్ల మీద అలాంటిది మొలవదు. కాగితం కూడా చిట్టాపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం. అయితేనేం, గుడి మెట్ల దగ్గర చెప్పులు వేశాడు! మడమలు అరిగినవి, పిల్లలవి, వేరే రంగు దారంతో ఉంగటం కుట్టించుకున్నది ఒకటి. లోపల ఎంతమంది ఉన్నారో, ఎలాంటివాళ్లో లెక్క తేలిపోయింది.

క్లౌ దొర చెబుతుంటే ఆ స్వీయకథ వ్రాసిపెట్టిన ఆయన భార్య ఎమ్మా, అంతకుముందే 1899లో మాదిగపల్లెల కథలతో ఒక పుస్తకం వేసింది. దాని పేరుకు అర్థం ‘చెప్పులు కుడుతూ’ అని. ఈ చిత్రకారుడు దాన్ని చదివాడో లేదో గాని, ఆ కుట్టు ఎవరిదో మరిచిపోలేదు.

ఫొటోలాయన పనితనానికి నేను వంక పెట్టను. ఆయన కెమెరా పట్టుకుని ఒక్క ఆదివారం, రెండో గంట కొట్టే వేళకు, మళ్లీ ఆ చర్చీలకే వెళ్లాలని మాత్రం కోరుకుంటాను. వెలుగు అంత మెత్తగా ఉండదు. ఎవరో ఒకరు అడ్డం వస్తారు, రానివ్వాలి.

ప్రదర్శన ఇంకా రెండు రోజులుందట. ఆ పుస్తకంలో నా సంతకం కింద కాస్త ఖాళీ ఉన్నట్టు గుర్తు.