లోపమును కప్పిపుచ్చు ప్రోగ్రాములు

వేముల, పులివెందుల ప్రాంతములలో చీనీతోటలకు బోరునీరే ఆధారము. మోటారునకు విద్యుత్తు మితిమీరి ప్రవహించినచో ఫ్యూజుతీగె కరగి ప్రవాహము ఆగును. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని విసిగి కొందరు లావుపాటి రాగితీగె చుట్టుదురు. ఫ్యూజు పోవుట మానును. కాని ఒకనాడు మోటారే కాలిపోవును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిలోను ఈ రాగితీగె అలవాటు కనబడుచున్నది.

ప్రోగ్రాము నడచుచుండగా ఎదురగు అసాధారణ స్థితిని 'ఎక్సెప్షన్' అందురు. వ్యాకరణమున సామాన్య సూత్రమునకు లొంగని దానివలె దీనిని అపవాదమనవచ్చును. సున్నతో భాగింపవలసి వచ్చుట, కావలసిన ఫైలు లేకుండుట, సంఖ్య తనకు కేటాయించిన చోటున పట్టకపోవుట ఇందుకు ఉదాహరణలు. జావా, పైథాన్ వంటి భాషలలో అపవాదమును పట్టుకొని తగిన చర్య తీసికొనుటకు ఏర్పాటు కలదు. అయితే అపవాదములన్నిటిని ఒకే వలలో పట్టి, ఏ చర్యయు వ్రాయక విడిచిపెట్టువారు పెక్కుమంది.

దీని ఫలితమేమి? మార్కుల గడిలో ఉపాధ్యాయుడు అంకెకు బదులు 'గైరుహాజరు' అని వ్రాసెననుకొందము. అపవాదమును మ్రింగివేయు ప్రోగ్రాము అచట సున్న వేసి ముందుకు సాగవచ్చును. అప్పుడు పరీక్షకు రాని విద్యార్థికి సున్న మార్కులు వచ్చినట్లు నమోదగును. తరగతి సగటు తగ్గును. తప్పు ఎచట పుట్టెనో ఎవరికిని తెలియదు. ప్రోగ్రాము ఆగియున్నచో ఇంతకంటె మేలు.

ఆగుటకు వీలులేని పనులును కలవు. 1993 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి లేచిన తొలి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహమును కక్ష్యలో చేర్చలేకపోయెను. రెండవ దశ విడిపోవునప్పుడు ఊహించనంత కుదుపు కలిగెను. నియంత్రణ ప్రోగ్రాములో ఒక దోషము దాగియుండెను. ఆదేశపు విలువ గరిష్ఠపు హద్దును దాటినప్పుడు మాత్రమే అది బయటపడును. ఆనాడు అదే జరిగెను. 1994 అక్టోబరు 15న జరిగిన రెండవ ప్రయోగము జయప్రదమయ్యెను.

1996 జూన్ 4న యూరపువారి ఏరియాన్-5 రాకెట్టునకు పట్టిన గతి మరొక పాఠము. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకముగా మార్చబోగా, 32,767కు మించిన విలువ అందులో పట్టలేదు. ఇట్టి ప్రమాదమున్న 7 చలరాశులలో 4 టికి మాత్రమే రక్షణ కల్పించి, గణనభారము పెరుగునని తక్కిన 3 టిని విడిచిరి. అపవాదము కనబడగానే పరికరము పని మానవలెనని నియమము. జంట పరికరములోను అదే ప్రోగ్రాము ఉండుటచే రెండును ఆగెను. సుమారు 40 సెకండ్లకే రాకెట్టు నాశనమయ్యెను. ఇచట అపవాదమును గుర్తించిరి గాని, విధించిన చికిత్స తప్పు.

కనుక మ్రింగివేయుటయు, అన్నిటికి ఒకే మందు వేయుటయు రెండును దోషములే. నివారింపగల అపవాదమును మాత్రమే పట్టవలెను. తక్కినవానిని పై భాగమునకు తెలుపవలెను. ఎచట, ఏ విలువతో సంభవించెనో నమోదు చేయవలెను. తప్పుడు విలువలను కావలెనని ఇచ్చి పరీక్షింపవలెను. విద్యార్థులకు ప్రోగ్రాములు నేర్పునప్పుడు సరియైన జవాబు వచ్చినదా అని చూచుటతో తృప్తిపడక, తప్పు ఇచ్చిన ఏమగునో కూడ అడుగవలెను. ఫ్యూజు పోయినప్పుడు తీగెను నిందింపక కారణమును వెదకుటయే శాస్త్రీయ పద్ధతి.