నిరీక్షణానంతరం: రెండు అమెరికన్ కథానికలు

ప్రియుడు దేశాంతరగతుడైన నాయికను మన ఆలంకారికులు ప్రోషితభర్తృక అన్నారు. ఆమె విరహానికి ఆధారం పునస్సమాగమాశ. అయితే వెళ్ళినవాడు పదునాలుగేళ్ళకు తిరిగి వచ్చేసరికి ఆమెలో విరహమే మిగలకపోతే ఆమెను ఏ పేరుతో పిలవాలి? మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ కథానిక 'ఎ న్యూ ఇంగ్లండ్ నన్' ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నది.

అదే పేరుతో 1891లో వెలువడిన సంపుటిలోని ఈ కథలో, లూయీసా ఎల్లిస్‌ను పెండ్లాడవలసిన జో డాగెట్ ధనార్జనకై ఆస్ట్రేలియా వెళతాడు. ఈలోగా ఆమె తల్లీ, సోదరుడూ మరణిస్తారు. ఏకాంతం మొదట అలవాటై, పిదప ఇష్టమవుతుంది. వేసిన కుట్టును విప్పి, కుట్టడంలోని హాయికోసమే తిరిగి కుట్టుకుంటుంది. తిరిగి వచ్చిన జో బల్లమీది రెండు పుస్తకాలను తిరగేసి క్రమం తప్పించి పెడితే, ఆమె లేచి వాటిని మునుపటిలా సర్దుతుంది. కథ అంతా ఆ సర్దుబాటులోనే ఉంది. పెండ్లి దగ్గరపడిన ఒక వెన్నెల రాత్రి, జో మనసు లిలీ డయ్యర్‌పై ఉన్నదని, అయినా అతడు మాట తప్పదలచుకోలేదని లూయీసా చాటునుండి వింటుంది. మరునాడు లిలీ పేరైనా ఎత్తకుండా అతనిని విముక్తుణ్ణి చేస్తుంది. ఆ రాత్రి ఎందుకో తెలియకనే కొంచెం కన్నీరు పెట్టుకుంటుంది. ఉదయానికి తన రాజ్యం తనకు దక్కిన రాణిలా లేస్తుంది. ఆమెది ఎండిన బ్రతుకని జాలిపడే విమర్శకులతో నేను ఏకీభవించలేను. ఆ కన్నీరు జో కోసం కాదు, ఒకప్పుడు అతనికై ఎదురుచూసిన యువతి కోసం.

అంతర్యుద్ధం 1865లో ముగిసిన తరువాత న్యూ ఇంగ్లండ్ పల్లెల యువకులు పశ్చిమ భూములకూ, నగరాలకూ తరలిపోయారు. చరిత్ర విద్యార్థిగా నేను చదివినవి ఎక్కువగా వెళ్ళినవారి లెక్కలే. గడపలో నిలిచిపోయినవారిని చూడాలంటే ఇటువంటి కథలే తెరవవలసి వచ్చింది.

షెర్వుడ్ ఆండర్సన్ 1919లో ప్రచురించిన 'వైన్స్‌బర్గ్, ఒహైయో'లోని 'అడ్వెంచర్' ఇందుకు జంటగా చదవదగినది. నెడ్ కర్రీ నగరానికి వెళ్ళి మరచిపోతాడు. బట్టలకొట్టులో గుమాస్తా అయిన ఆలిస్ హిండ్‌మన్, అతని వద్దకు వెళ్ళేందుకని డబ్బు కూడబెడుతుంది. తన గదిలోని సామాను ఇతరులు తాకితే సహించలేదు. లూయీసాకు శాంతినిచ్చిన వస్తుమమకారమే ఇక్కడ సంకెల అవుతుంది. ఆధునిక స్త్రీ స్వాతంత్ర్యం ఆమెకు అర్థం కాదని ఆండర్సన్ మధ్యలో ప్రవేశించి వ్యాఖ్యానించడం అనవసరం. ఆ పాటి సంయమనం ఫ్రీమన్‌కు ఉంది. అయితే ముగింపు దృశ్యంలో ఆండర్సన్‌కు సాటి లేదు. ఇరవై ఏడేళ్ళ ఆలిస్ ఒక వాన రాత్రి వివస్త్రయై ఇంటి వెలుపలికి పరుగెత్తి, నడిచిపోతున్న ఎవరినో ఆగమని పిలుస్తుంది. అతడు వృద్ధుడు, చెవులు సరిగా వినబడవు. ఏమన్నావని తిరిగి అడుగుతాడు. ఆమె నేలకు ఒదిగి, అతడు వెళ్ళిపోయాక కూడా లేచి నిలబడే ధైర్యం చేయదు.