'డిస్కో దీవానే' (1981): నాజియా హసన్ గళం – ఏకగాయని భావన

1. ప్రవేశిక:
దక్షిణాసియాలో సినిమాతో నిమిత్తం లేకుండా వెలువడి విశేష జనాదరణ పొందిన పాప్ ఆల్బమ్‌లలో 'డిస్కో దీవానే' (1981) ముఖ్యమైనది. పాకిస్తానీ గాయని నాజియా హసన్ (1965-2000) పాడిన ఈ ఆల్బమ్‌కు బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడిన సంగీతకారుడు బిడ్డూ నిర్మాత. నేపథ్యగానం నుంచి స్త్రీ గళాన్ని విముక్తం చేసిన ఆల్బమ్‌గా దీనిని ప్రశంసించడం కద్దు. ఆ ప్రశంస ఎంతవరకు నిలుస్తుందో గళనిర్మాణం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం నుంచి సొంత పేరుకు:
1980లో ఫిరోజ్ ఖాన్ చిత్రం 'కుర్బానీ'లో 'ఆప్ జైసా కోయీ' పాటను నాజియా పాడగా, తెరపై జీనత్ అమన్ అభినయించింది. గళం ఒకరిది, దేహం మరొకరిది కావడం నేపథ్యగానానికి మూలసూత్రం. ఆ పాటకు నాజియా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం పొందింది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్‌లో గాయనికీ శ్రోతకూ నడుమ కథానాయిక లేదు. పాటలోని 'నేను' ఏ సినిమా పాత్రకూ చెందదు. అందువల్ల పాటను సన్నివేశంతో అన్వయించుకొనే అలవాటు ఇక్కడ పనిచేయదు. శ్రోత గళాన్నే ఆలంబనగా చేసుకోవలసి వస్తుంది.

3. రెట్టింపైన గళం:
లతా మంగేష్కర్ గళం ప్రమాణంగా స్థిరపడిన కాలమది. తారస్థాయి, స్వరశుద్ధి, సున్నితమైన అలంకరణ ఆ ప్రమాణ లక్షణాలు. నాజియా గళం వీటికి దూరం. అది పలుచనిది, కొంత అనునాసికమైనది. గమకాల జోలికి పోదు. శాస్త్రీయ ప్రమాణంతో తూచితే ఇది లోపమే. బిడ్డూ ఈ గళాన్ని సరిదిద్దలేదు, రెట్టించాడు. ఒకే పంక్తిని గాయనితో రెండుసార్లు పాడించి, రెండు ముద్రణలను కలిపి వినిపించడం ఈ పద్ధతి. కాలంలోనూ శ్రుతిలోనూ రెంటి మధ్య ఉండే అతిస్వల్ప భేదాలే గళానికి నిండుదనం తెస్తాయి. డిస్కో లయలోని ఎడతెగని సమదరువుల మీద ఈ గళం బరువు మోపకుండా తేలుతుంది. భావాన్ని ఒలకబోయని ఆ నిర్లిప్తతే యౌవనానికి చిహ్నంగా వినిపిస్తుంది. 'కుర్బానీ'లో నాజియా గళానికి మరొక స్త్రీ దేహం తోడైంది. ఆల్బమ్‌లో ఆమె గళానికి ఆమె గళమే తోడైంది. ఈ ఆల్బమ్ సాధించిన నిజమైన మార్పు ఇదే.

4. పరిమితులు:
అయితే దీనిని సంపూర్ణ విముక్తిగా భావించడం అతివ్యాప్తి. ఆల్బమ్ విడుదలైన ఏడాది నాజియా వయస్సు పదహారేళ్లు. నిర్మాణ నిర్ణయాలు బిడ్డూవి. సోదరుడు జొహెబ్ హసన్ గాయకుడిగా, స్వరకర్తగా పాలుపంచుకొన్నాడు. కనుక 'ఏకగాయని' అనేది ఆల్బమ్ ప్రచారంలోకి వచ్చిన తీరుకు సరిపోతుంది గాని, శ్రమవిభజనను సూచించదు. సాహిత్యం కూడా ప్రేమ, నిరీక్షణల పరిచిత వస్తుపరిధిని దాటలేదు. ఆల్బమ్ గాయనికి పేరునిచ్చింది; కర్తృత్వంలో కొంత భాగాన్ని మాత్రమే ఇచ్చింది.

5. ముగింపు:
సాహిత్యాన్ని మాత్రమే చదివితే 'డిస్కో దీవానే' సాధారణ ప్రేమగీతాల సంపుటి. గాత్రశిక్షణతో మాత్రమే కొలిస్తే అసమగ్ర గానం. ముద్రణప్రక్రియను కూడా పాఠంలో భాగంగా గ్రహించినప్పుడే దాని విశిష్టత బోధపడుతుంది. తెలుగులో పాటపై పరిశోధన ప్రధానంగా గీతరచయితల కవిత్వం చుట్టూ సాగింది. మన గాయనుల గళాలను, వాటిని తీర్చిదిద్దిన ముద్రణశాలలను కూడా పరిశోధన పరిధిలోకి తేకపోతే, పాట చరిత్రలో స్త్రీల భాగస్వామ్యం పేర్ల జాబితాగానే మిగిలిపోతుంది.