ఎంత తప్పు వరకు ఒప్పు?

హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు కొత్త స్విస్ వాచీతో అరకు దిగాడు. ఖరీదు నేనడగలేదు. అక్కయ్య ముందు ఆ మాటెత్తితే పూట భోజనం పాడవుతుంది. వాడు గర్వంగా చూపించింది వాచీని కాదు, దాంతో వచ్చిన సర్టిఫికెట్‌ని. “పరీక్ష పాసైన వాచీ మావయ్యా, మీ తాళం వాచీలా కాదు!” నా వాచీ రోజుకో నిమిషం ముందుకు పోతుందని ఈ కాలమ్ చదివేవాళ్లందరికీ తెలుసు. అయినా చిర్రెత్తుకొచ్చింది.

ఆ పరీక్ష పెట్టేది స్విట్జర్లాండ్‌లో 1973లో ఏర్పడిన సీఓఎస్‌సీ అనే సంస్థ. వాచీ లోపలి యంత్రాన్ని 15 రోజులు తన దగ్గర ఉంచుకుంటుంది. నిలబెట్టి, వెల్లకిలా, బోర్లా, మొత్తం అయిదు తీరుల్లో, 8, 23, 38 డిగ్రీల దగ్గర నడక చూస్తుంది. సగటున రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి, అంతవరకే క్షమిస్తుంది. ఇంతా చేస్తే, మామూలు బ్యాటరీ వాచీకి నెల మొత్తం మీద వచ్చే తేడా 15 సెకన్లు! ఇక వేడీ చలీ అంటారా, మే నెల విశాఖలో 38, జనవరి తెల్లవారుజామున అరకులో 8 కన్నా తక్కువ. ఆ పరీక్ష మన ఘాట్ రోడ్డే పెట్టేస్తుంది.

అసలు టైము గురించి మనకి ఒకరు చెప్పాలా? దేశమంతటికీ టైము లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ అలహాబాద్ దగ్గరుందని బళ్లో బట్టీపట్టాం. అదే రేఖ చింతపల్లికీ పాడేరుకీ మధ్య మన కొండల్లోంచి పోతుందని ఏ మాస్టారూ చెప్పలేదు. అరకు దానికి కాస్త తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు ఏడాది సగటున గడియారం కన్నా ఒకటిన్నర నిమిషం ముందే నడినెత్తికి వస్తాడు. ఈ టైము 1906లో వచ్చింది. అంతకు ముందు రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి, ఇప్పటికన్నా తొమ్మిది నిమిషాలు వెనక. ఇంకా వెనక్కి వెళ్తే, 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంతంగా వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. నక్షత్రాల్ని చూసి టైము పట్టిన ఊరు మనది. ఇదంతా మావాడికి ఏకరువు పెట్టి, వాచీ దండగని తేల్చేసి, శుక్రవారం సంతకి లాక్కుపోయాను.

అక్కడే నా వాదం అడ్డం తిరిగింది.

ఒక ముసలమ్మ చింతపండు బుట్ట దించింది. షావుకారు ఎలక్ట్రానిక్ కాటా మీద ఇంకా ఏమీ పెట్టలేదు. అంకె మాత్రం సున్నా కాదు: 0.400, దాని ముందు సన్నటి గీత, మైనస్. సరుకు పెట్టగానే ఆ నాలుగు వందల గ్రాములు మాయం. ఆమె అంకెలవైపు చూడనే లేదు, అతని చేతినే చూస్తోంది. తరాల నుంచి మోసం చేతిలోనే ఉండేది మరి, తక్కెడ దండె మీద. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టిందే ఇలాంటి దళారుల నుంచి కాపాడటానికి. సంతల్లో తూకాల గురించి నేను రాసి రాసి మీకు విసుగొచ్చి ఉంటుంది.

వాడి వాచీ డబ్బు దండగే, ఆ మాట వెనక్కి తీసుకోను. సర్టిఫికెట్‌ని మాత్రం ఎగతాళి చేయలేను. వాచీ చేసినవాడు కాక వేరేవాడు చూశాడు. ఎంత తేడా వరకు ఒప్పుకుంటాడో ముందే అచ్చేశాడు. నంబరు వేసి ఒక్కొక్క యంత్రాన్నీ విడివిడిగా పరీక్షించాడు. ఆరు సెకన్లకి అంత కాపలా ఉంటే, ఆమె చింతపండుకి ఎంతుండాలి?

చట్టంలో ఉంది కూడా. తూనికలు కొలతల శాఖ ఎలక్ట్రానిక్ కాటాని ఏటా పరీక్షించి ముద్ర వేయాలి. ముద్రలో సంవత్సరంతో పాటు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, అంటే ఏ మూడు నెలల్లో వేశారో ఉంటుంది. సర్టిఫికెట్ దుకాణంలో కనబడేలా పెట్టాలి. మావాడు వంగి ముద్ర కోసం వెతుకుతుంటే షావుకారు “మీకెందుకు బాబూ, చీకటి పడకుండా ఘాట్ దిగండి” అన్నాడు. వచ్చే శుక్రవారం వెళ్లేవాళ్లు సంచిలో కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి వేసుకెళ్లండి. సరుకు కన్నా ముందు కాటా మీద దాన్ని పెట్టించండి.