గోడను తాకని గోడ

హైదరాబాదు కృష్ణానగర్ దగ్గర, పంపకాల్లో రెండిళ్లుగా చీలిన పాత ఇల్లది. మధ్యన ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒక్కటే. దానికి ఇటువైపు సినిమా పాటలకు ట్రాకులు కట్టే కుర్రాడి గది, అటువైపు సరిగ్గా ఆ గోడకే ఆనించి వాళ్ల పెదనాన్నగారి మంచం. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మాట. పెదనాన్నగారి నిబంధన ఇంకా కఠినం: తనకు డ్రమ్ము మోత వినపడకూడదు, అంతే.

ఇలాంటి గది అనగానే చాలామంది కోడిగుడ్ల ట్రేలో, ఫోమ్ షీట్లో తెచ్చి గోడలకు అతికించేస్తారు. ఫోమ్‌తో గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, మైకులో గొంతు తేటగా పలుకుతుంది. పక్కింటికి పోయే మోత మాత్రం దాదాపు అలాగే పోతూ ఉంటుంది. శబ్దాన్ని ఆపడానికి బరువు కావాలి. ఒట్టి బరువుతోనూ పని కాదు. గోడ బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం కలిసొచ్చేది సుమారు 6 డెసిబెల్స్. అందుకని కొంత ఎడం వదిలి రెండో గోడ నిలబెట్టాలి. ఆ రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకకూడదు.

ఈ గది కట్టింది ఒక ఫాల్స్ సీలింగ్ మేస్త్రీ. నన్ను ఆకట్టుకున్నది ఇదే. ఆయన చేతికి ఏళ్ల తరబడి అబ్బిన విద్యంతా దేన్నైనా గోడకో స్లాబుకో కదలకుండా బిగించడం. ఇక్కడ ఆ చేతిని అడుగడుగునా ఆపుకోవాలి. మామూలుగా స్లాబుకు రాడ్లు కొట్టి వేలాడదీసే సీలింగును, ఇక్కడ స్లాబు ఊసెత్తకుండా కొత్త గోడల నెత్తి మీదే నిలిపాడు. ఆ కొత్త గోడల ఇనుప ఫ్రేములు గచ్చు మీద పరిచిన రబ్బరు పట్టీల మీద నిలబడ్డాయి. గదిలో ఇంకో గది అన్నమాట.

కొత్త గోడకూ ఇటుక గోడకూ మధ్య నాలుగంగుళాల ఎడం. అంత స్థలం పోతోందని కుర్రాడు మొదట గింజుకున్నాడు. కానీ అంగుళంతో సరిపెడితే, మధ్యలో చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేసి, ఆ గోడల జత సుమారు 90 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. కిక్ డ్రమ్ పలికేది ఆ చుట్టుపక్కలే. నాలుగంగుళాలైతే ఆ ఊపు 45 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది. ఎడంలో రాక్‌వుల్ (రాతి ఉన్ని) నింపారు, వత్తి కుక్కకుండా.

బోర్డులు మూసేముందు మేస్త్రీ చేసిన పని చూడాల్సిందే. ఒక అట్టముక్కను ఫ్రేము వెనక పైనుంచి కిందికి జార్చుకుంటూ వచ్చాడు. అది ఎక్కడ తట్టుకుంటే అక్కడ పాత ప్లాస్టరింగులో పొడుచుకొచ్చిన సిమెంటు పెళ్ల ఉన్నట్టు. ఉలి పెట్టి చెక్కడం, రాలిన ముక్కలు ఏరెయ్యడం, మళ్లీ అట్ట జార్చడం. ఒక్క పెళ్ల అటూ ఇటూ ఆనినా మోతకు అదే వంతెన. మూసేశాక ఈ శ్రమ ఎవరికీ కనపడదని ఆయనకు తెలియనిది కాదు.

ఫ్రేముల మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు రెండు వరసలు. మొదటి వరస అతుకు మీద రెండో వరస అతుకు పడనివ్వలేదు. బోర్డును గచ్చుకు ఆనించకుండా కింద చిన్న చెక్కలు పెట్టి బిగించాడు. తర్వాత వాటిని లాగేసి, ఆ పావంగుళం సందు పొడవునా ఎప్పటికీ గట్టిపడని సీలెంట్ పట్టించాడు. పుట్టీ అయితే ఎండి బిగుసుకుంటుంది, బీటలిస్తుంది. గోడ విస్తీర్ణంలో నూరో వంతు సందు తెరుచుకుని ఉన్నా, ఆ గోడ ఎంత బరువైనదైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. స్విచ్ బోర్డుల కోసమూ గోడను కొయ్యలేదు. వైరు దూరేంత బెజ్జం ఒకటి చేసి, చుట్టూ సీలెంట్ పూసి, బోర్డులన్నీ పైకే బిగించాడు. చూడ్డానికి పాతకాలం ఇంటిలా ఉంటుంది. నాకు నచ్చింది.

తలుపులు రెండు, వేరువేరు చట్రాలకు, చుట్టూ రబ్బరు అంచుతో. వాటి గురించి అంతకంటే చెప్పడానికి లేదు. ఇంత చేసినా, స్లాబూ పునాదీ రెండిళ్లకూ ఉమ్మడివే కాబట్టి మోత పూర్తిగా చావలేదు. పెదనాన్నగారు దిండుకు చెవి ఆనిస్తే కిక్ డ్రమ్ ఇంకా లీలగా తెలుస్తుందట. పాట వినపడదు.

ఇక గాలి. అంత బిగువుగా మూసిన గదిలో స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తేదు. అందుకని బరువైన ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేసి, లోపల గాలి మూడు మలుపులు తిరిగేలా అడ్డుపలకలు పెట్టి, వాటికి మెత్తటి రాక్‌వుల్ తొడిగారు. గాలి తిరిగి తిరిగి వస్తుంది, మోత ప్రతి మలుపులోనూ కొంత ఇంకిపోతుంది. పెట్టె మూడు పక్కలనూ జిగురుతో శాశ్వతంగా అతికించిన మేస్త్రీ, నాలుగో పలకను మాత్రం స్క్రూలతో వదిలాడు. హైదరాబాదు దుమ్ము సంగతి ఆయనకు తెలుసు.