నలుగురు కీపర్లు, ఒక్క బెంజెమా

గోల్‌కీపర్‌కి నేర్పాల్సిన విద్య రెండు పాళ్లు. వచ్చిన బంతిని పట్టడం ఒకటి, పట్టినదాన్ని మనవాడికి చేర్చడం రెండోది. ఈ రెండూ నేర్పడంలో తేడా ఎక్కడుందో చూడాలంటే కోచింగ్ పుస్తకాలకంటే రియల్ మాడ్రిడ్ ఫార్వర్డ్‌గా కరీం బెంజెమా కొట్టిన నాలుగు గోల్స్ ఎక్కువ పనికొస్తాయి. నాలుగూ చాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్‌ల్లోవే. వాటిలో మాడ్రిడ్ పన్నిన గొప్ప వ్యూహమేమీ లేదు. బంతి కీపర్ దగ్గరున్నప్పుడు బెంజెమా అటు నడిచాడు, అంతే.

మొదటి రెండూ 2018 మే నెలవి. మే 1న సెమీఫైనల్ రెండో అంచె. పాదం ఎముక విరిగి మాన్యుయెల్ నోయర్ నెలల తరబడి ఆటకు దూరం కావడంతో, బయర్న్ మ్యూనిక్ గోల్‌లో స్వెన్ ఉల్‌రైష్ నిలబడ్డాడు. రెండో సగం మొదలవుతూనే సహచరుడు టొలిసో వెనక్కి తన్నిన బంతి వస్తోంది. ఉల్‌రైష్ ముందుకు ఉరికి, చేతులు చాచి కిందికి వంగాడు. అంతలో అది బ్యాక్‌పాస్ అని తట్టినట్టుంది. చేతులు వెనక్కి లాక్కుని కాలు అడ్డం పెట్టబోయేలోపు బంతి పక్కనుంచి జారిపోయింది. ఖాళీ గోల్‌లోకి నెట్టడం బెంజెమా పని.

సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదన్న నిబంధన 1992లో వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి, 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లిన పీటర్ తంగరాజ్ తరానికి ఈ బెడద లేదు. ఎవరు తన్నినా చేతుల్లోకి తీసుకుని గుండెకు హత్తుకోవడమే. ఉల్‌రైష్ ఆట నేర్చుకున్నది కొత్త నిబంధన కిందే. అయినా కంగారులో అతని ఒంట్లోంచి బయటికొచ్చింది మాత్రం పాత విద్య.

మే 26న కీవ్‌లో ఫైనల్. 51వ నిమిషం. లివర్‌పూల్ కీపర్ లోరిస్ కారియస్ బెంజెమాకంటే ముందు బంతిని అందుకున్నాడు. ఆ పట్టులో వంక పెట్టడానికేమీ లేదు. లేచి, పక్కనున్న డిఫెండర్‌కి చేత్తో దొర్లించబోయాడు. బెంజెమా రెండు మూడు అడుగుల్లోనే ఉన్నాడు. కాలు చాచాడు, బంతి తగిలి గోల్‌లోకి వెళ్లింది. 83వ నిమిషంలో మాడ్రిడ్ ఆటగాడు బేల్ దూరం నుంచి కొట్టిన షాట్ కారియస్ గ్లవ్స్‌ని తాకి వెనక్కి జారింది. 3-1.

జనం కారియస్ వదిలిన ఈ రెండు గోల్స్‌నీ కలిపి ఒకే వైఫల్యంగా చెప్పుకుంటారు. నాకు అవి రెండు వేరు పాఠాలు. బేల్ గోల్ అచ్చంగా పట్టుకు సంబంధించింది. ఛాతీకంటే ఎత్తుగా వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దగ్గరగా పెట్టి, వేళ్లు విప్పి, అరచేతుల్ని ఇంగ్లిషు డబ్ల్యూ ఆకారంలో బంతి వెనక నిలబెట్టాలని పదేళ్ల పిల్లలకే నేర్పుతారు. చేతులు ఒంటికి కాస్త ముందుండాలి, బంతీ గ్లవ్సూ రెండూ ఒకే చూపులో కనబడాలి. అది గాలిలో వంకర తిరుగుతుంటే పట్టే ఆశ మానుకుని పక్కకి తోసెయ్యాలి. కారియస్ అటు పట్టలేదు, ఇటు తొయ్యలేదు. బెంజెమా గోల్ మాత్రం చేతి తప్పే కాదు, చూపు తప్పు. చెయ్యి చక్కగానే దొర్లించింది. దారిలో మనిషి ఉన్నాడా అని తల ఎత్తి చూడటం జరగలేదు. కారియస్ పక్షాన ఒక మాట చెప్పాలి: ఆ గోల్‌కి కొద్ది నిమిషాల ముందే మాడ్రిడ్ డిఫెండర్ రామోస్ మోచెయ్యి అతని తలకు తగిలింది. మెదడు అదిరిందని, దాంతో చూపులో అంచనా దెబ్బతిని ఉండవచ్చని బోస్టన్ వైద్యులు తర్వాత తేల్చారు. అతన్ని వెక్కిరించినవాళ్లలో ఎందరు ఆ మాట చదివారో!

ఇక రెండో జంట. 2022 మార్చి 9న పారిస్ సెయింట్ జర్మెయిన్ గోల్‌లో జానల్యుజీ డోనరుమ్మా ఉన్నాడు. ఏప్రిల్ 6న చెల్సీ గోల్‌లో ఎడువార్ మెండీ. 2021కి ఉత్తమ కీపర్‌గా యాషిన్ ట్రోఫీ అందుకున్నది మొదటివాడు, అదే ఏడాదికి ఫిఫా ఉత్తమ కీపర్ అవార్డు రెండోవాడిది. అంటే లోకం మెచ్చిన ఇద్దరూ నెల తిరక్కుండా ఒకే మనిషి చేతికి చిక్కారు.

మాడ్రిడ్‌లో పారిస్ జట్టు రెండు మ్యాచ్‌లూ కలిపి 2-0తో ముందుంది. బంతి డోనరుమ్మా కాళ్ల దగ్గరుంది, బెంజెమా పరుగున వస్తున్నాడు. ఈ కీపర్ ఎత్తు దాదాపు రెండు మీటర్లు. పెనాల్టీల ముందు ఇతన్ని చూస్తేనే గోల్ చిన్నదైపోతుంది. కానీ ఆ క్షణంలో అతను ఒక టచ్ ఆలస్యంగా ఆడాడు. బెంజెమా మీదపడ్డాడు, బంతి విడిపోయి అతని సహచరుడు వినీసియస్‌కి దొరికింది, తిరిగి బెంజెమాకి వచ్చింది. ఫౌల్ అని డోనరుమ్మా మొత్తుకున్నాడు, రిఫరీ వినలేదు. ఆ గోల్ మొదలు 17 నిమిషాల్లో బెంజెమా హ్యాట్రిక్ పూర్తయింది, పారిస్ ఇంటికి వెళ్లింది.

లండన్‌లో మెండీది ఇంకో రకం. రెండో సగం మొదట్లోనే పెనాల్టీ ఏరియా దాటి బయటికొచ్చి బంతి అందుకున్నాడు. సహచరుడు రూడిగర్‌కి పాస్ ఇచ్చాడు, అందులో బలం లేదు. బెంజెమా మధ్యలో దూరి, ఖాళీ గోల్‌లోకి కొట్టాడు.

డోనరుమ్మా నిర్ణయం తీసుకోవడానికి ఆగిపోయాడు. మెండీ నిర్ణయం తీసుకున్నాడు, కాలు దాన్ని పాటించలేదు. రెండింటిలో నాకు మెండీ తప్పే చిన్నదనిపిస్తుంది. పాస్‌లో బలం చాలకపోవడం సాధనతో పోతుంది. మీదికొచ్చేవాడిని చూస్తూ కూడా బంతిని అట్టిపెట్టుకోవడం అంత తేలిగ్గా పోదు. బంతి రాకముందే తల తిప్పి రెండు దారులు చూసి పెట్టుకోవాలి. మొదటి టచ్‌తోనే దాన్ని ఫార్వర్డ్‌కి దూరంగా జరపాలి. ఏ దారీ లేకపోతే స్టాండ్స్‌లోకి తన్నెయ్యాలి. చివరిది సిగ్గుపడాల్సిన పనని ఈమధ్య కీపర్లకు ఎవరు నేర్పారో తెలియదు.

నా ఫిర్యాదు ట్రైనింగ్ మీద. పట్టు నేర్పేటప్పుడు కోచ్ కనికరం చూపడు. దగ్గరనుంచి కొడతాడు, బంతిని తడిపి కొడతాడు, ముందు ఒకణ్ని అడ్డం నిలబెట్టి చూపు మూసి కొడతాడు. అదే పంపిణీ దగ్గరికొచ్చేసరికి నాలుగు కోన్లు, రెండు చిన్న గోల్‌పోస్టులు, అటు పది పాస్‌లు, ఇటు పది త్రోలు. ఎదురు వచ్చేవాడు ఉండడు. ఖాళీ గ్రౌండ్‌లో కారు నేర్పి, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట చౌరస్తాలో వదిలినట్టు. పైగా ఈ రెంటినీ వేర్వేరు గంటల్లో నేర్పుతారు. మ్యాచ్‌లో మాత్రం పట్టడం, లేవడం, చూడటం, విసరడం అంతా ఒకే కదలిక. కారియస్ తడబడింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. ఉల్‌రైష్ అయితే చెయ్యా కాలా అని తేల్చుకోవాల్సిన క్షణంలో ఇరుక్కున్నాడు. ఆ క్షణానికి సాధన కావాలంటే కోచ్ బ్యాక్‌పాస్‌లనూ షాట్లనూ కలిపి, ముందు చెప్పకుండా, వెంట ఒక ఫార్వర్డ్‌ని తరుముతూ పంపాలి.

కాళ్లవాడా, చేతులవాడా అన్న తగాదా మాత్రం కోచ్‌ల దగ్గరే తెగడం లేదు. 2016లో కాళ్లు చాలవని కీపర్ జో హార్ట్‌ని పక్కనపెట్టి, మరుసటి ఏడాది ఎడర్సన్‌ని తెచ్చుకున్నాడు మాంచెస్టర్ సిటీ కోచ్ గ్వార్డియోలా. పొడుగు పాస్‌లకు పేరుపడ్డ ఆ ఎడర్సన్, 2023 చాంపియన్స్ లీగ్ ఫైనల్ చివర్లో ఇంటర్ ఫార్వర్డ్ లుకాకు హెడర్‌ని గోల్ ముందు కాలితోనే ఆపి కప్పు నిలబెట్టాడు. 2025 ఆగస్టులో పారిస్ కోచ్ లూయిస్ ఎన్రికే, అంతకు రెండు నెలల ముందే తనకు చాంపియన్స్ లీగ్ గెలిచిపెట్టిన డోనరుమ్మాని కాదని, లిల్ నుంచి షెవలియేని తీసుకున్నాడు. తనకు వేరే రకం కీపర్ కావాలన్నాడు. సెప్టెంబర్ మొదట్లో ఎడర్సన్‌ని టర్కీకి పంపి, ఆ డోనరుమ్మానే మాంచెస్టర్‌కి తెచ్చుకున్నాడు గ్వార్డియోలా.