'పెద్ద మసీదు': ఫౌజుదారును చదవడం ఎలా?

గురజాడ అప్పారావు కథ 'పెద్ద మసీదు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. కొన్ని సంపుటాల్లో 'మతము: విమతము' అనే పేరుతో కనిపిస్తుంది. మీ దగ్గర ఉన్నది ఏ పాఠమో ముందుగా చూసుకోండి. కాశీలో చదువుకొని ఏళ్ల తరవాత శ్రీకాకుళం తిరిగివచ్చిన పండితుడికి, గుడి ఉండవలసిన చోట మసీదు కనిపించడం ఈ కథకు మూలం.

దీన్ని 'ముస్లిం పాలనలో హిందువుల బాధ' అనో, 'మతసామరస్య సందేశం' అనో ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. పరీక్షలో అలా రాసి మార్కులు తెచ్చుకోవచ్చు కూడా! కాని ఆ రెండు మాటల్లోనూ పాలకుడికి మతం తప్ప మరేమీ మిగలదు.

శ్రీకాకుళం జామియా మసీదును 1641లో కట్టించినవాడు షేర్ మహమ్మద్ ఖాన్. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున చికాకోలు సర్కారును ఏలిన ఫౌజుదారు. గుడిని కూల్చి ఆ రాళ్లతో కట్టించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. అదే ఫౌజుదారు వెంట 1652 ప్రాంతంలో ఈ సీమకు వచ్చినవారే బొబ్బిలి వంశానికి మూలపురుషుడైన పెద్దరాయుడు, విజయనగరం పూసపాటి వంశపు మాధవవర్మ. పెద్దరాయుడు తనకు దక్కిన చోట కోట కట్టి, ఫౌజుదారు మీద గౌరవంతో 'పెద్దపులి' అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ ఐతిహ్యం. 'షేర్' అంటే పులి కదా!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గుడి పోయిన ఊరికి ఆ ప్రభుత్వం పరమతం. జమీ దొరికిన దొరకు అదే ప్రభుత్వం అన్నదాత. ఏలినవాడు ఒక్కడే, ఆయన మతమూ ఒక్కటే. జనం తలచుకునే తీరు మాత్రం వేరు. ఇస్లాం ప్రభుత్వంలో ఎంతవరకు ఉండేదన్న ప్రశ్నకు జవాబు మసీదు గోడల్లో వెదికితే సగమే దొరుకుతుంది. తక్కిన సగం శిస్తు లెక్కల్లో, సనదుల్లో, పల్లకీ మర్యాదల్లో ఉంటుంది.

కథ చూపు మసీదు దగ్గరే నిలిచిపోయింది. విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసిన గురజాడకు ఈ రెండో సగం తెలియదనుకోలేం. చిన్న కథ అంత బరువు మోయలేదని సమర్థించవచ్చు. నాకు మాత్రం అది కథకు పరిమితిగానే కనిపిస్తుంది: అధికారంలో వాటా పొందిన మన దొరలు అందులో లేరు. లేనందువల్లే నేటి పాఠకుడు ఆ ఫౌజుదారును ఒక మతానికి ప్రతినిధిగా అంత సులభంగా చదువుకుంటున్నాడు.